చంద్రుడి దాకా వెళ్లొచ్చిన కీ వాచీ

1970 ఏప్రిల్‌. భూమికి రెండు లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో ఓ చిన్న వ్యోమనౌక. లోపల చీకటి. వణికించే చలి. దీపాలు ఆర్పేశారు. ప్రధాన కంప్యూటర్‌ని ఆపేశారు. ఉన్న కాస్త బ్యాటరీ కరెంటునీ ఇల్లు చేరేదాకా దాచుకోవాలి మరి. ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు. అందులో ఒకతను కిటికీలోంచి భూమిని చూస్తున్నాడు. రెండో అతను నౌక పక్కకు ఒరిగిపోకుండా సర్దుతున్నాడు. మూడో అతను మాత్రం... తన మణికట్టుకేసి చూస్తున్నాడు!

అది అపోలో-13. చంద్రుడి మీద దిగడానికి వెళ్తూ ఆక్సిజన్‌ ట్యాంకు పేలిపోవడంతో వెనక్కి మళ్లిన నౌక. అప్పుడా ముగ్గురి ముందున్న పని ఒక్కటే. ఇంజిన్‌ని సరిగ్గా 14 సెకన్లు మండించి ఆపాలి. దారి సరిచేసుకోకపోతే నౌక భూ వాతావరణంలోకి రావలసిన కోణంలో రాదు. మరీ ఏటవాలుగా వస్తే చెరువు మీద విసిరిన పెంకులా ఎగిరి మళ్లీ శూన్యంలోకి పోతుంది. మరీ నిట్టనిలువుగా వస్తే కాలిపోతుంది. ఆ పద్నాలుగు సెకన్లూ లెక్కపెట్టింది ఏ యంత్రమేధస్సో కాదు. వ్యోమగామి జాక్‌ స్విగర్ట్‌ చేతికున్న కీ ఇచ్చే వాచీ!

ఆ వాచీ ఆ రోజు పనిచేయడం అదృష్టం కాదు. దాని వెనక అంతకు అయిదేళ్ల ముందు జరిగిన ఓ పరీక్ష ఉంది. గడియారాల చరిత్రలో అంత కఠినమైన పరీక్ష అంతకు ముందెవరూ పెట్టి ఉండరు.

సముద్రం మింగిన గడియారం

అంతరిక్షంలోకి మొదట వెళ్లిన మనిషి యూరీ గగారిన్‌. 1961 ఏప్రిల్‌ 12న ఆయన చేతికి ఉన్నది మాస్కో కర్మాగారంలో తయారైన ష్టుర్మాన్‌స్కీ. సోవియట్‌ వైమానిక దళం పైలట్ల కోసం చేయించిన వాచీ అది. దాన్ని ప్రత్యేకించి అంతరిక్షం కోసం తయారుచేయలేదు. పైలట్‌కి ఇచ్చిందే ఆయనతో పాటు పైకి వెళ్లింది.

అమెరికాలోనూ మొదట్లో అంతే. వ్యోమగాములు తమకు నచ్చినవి పెట్టుకునేవారు. 1962 మేలో భూమి చుట్టూ తిరిగొచ్చిన స్కాట్‌ కార్పెంటర్‌ మాత్రం కాస్త ముందుచూపుతో ఆలోచించాడు. కక్ష్యలో సుమారు గంటన్నరకోసారి సూర్యోదయం అవుతుంది. పొద్దు చూసి పగలో రాత్రో పోల్చుకుందామంటే కుదరదు. మామూలు వాచీ పది గంటలు చూపిస్తే అది పొద్దున పదా, రాత్రి పదా? అందుకే ఆయన బ్రైట్లింగ్‌ కంపెనీ చేత 24 అంకెల డయలుతో వాచీ చేయించుకున్నాడు. ముల్లు రోజుకి ఒకేసారి చుట్టు తిరుగుతుందన్నమాట.

ఆ వాచీ అంతరిక్షంలో బ్రహ్మాండంగా పనిచేసింది. తీరా కిందికి వచ్చాకే చిక్కొచ్చింది. నౌక దిగాల్సిన చోటుకి 400 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో పడింది. ఓడ వచ్చేదాకా కార్పెంటర్‌ రబ్బరు తెప్ప మీద గంటల తరబడి కూర్చోవాల్సివచ్చింది. ఉప్పునీళ్లు లోపలికి వెళ్లి వాచీ పాడైపోయింది. రాకెట్‌ అదురుకి తట్టుకున్న గడియారాన్ని చివరికి సముద్రం మింగేసింది! వెళ్లేటప్పటి కష్టాలే కాదు, తిరిగొచ్చేటప్పటివి కూడా లెక్కలోకి తీసుకోవాలన్న పాఠాన్ని ఆ వాచీ నేర్పింది.

అక్కడ కష్టమేమిటి?

చేతికి వాచీ పెట్టుకుని పైకి వెళ్తే ఏమవుతుంది? అనుకున్నంత తేలిక కాదు.

మొదటిది వేడి. గాలి ఉన్నచోట వేడి వస్తువు చుట్టూ ఉన్న గాలి కొంత వేడిని మోసుకుపోతుంది. చల్లటిదానికి కాస్త వెచ్చదనాన్నీ అదే ఇస్తుంది. శూన్యంలో ఆ దిక్కు లేదు. ఎండ తగిలిన వైపు మాడిపోతుంది, నీడ వైపు గడ్డకడుతుంది. చంద్రుడి మీద మిట్టమధ్యాహ్నం నేల వేడి 120 డిగ్రీల సెల్సియస్‌ దాకా పోతుంది. రాత్రి సున్నాకి వంద డిగ్రీల కన్నా కిందికి జారిపోతుంది. అందుకే అపోలో నౌకలన్నీ అక్కడ పొద్దుటి పూట, ఎండ ముదరకముందే దిగేవి.

రెండోది నూనె. వాచీలో పళ్లచక్రాలు అరిగిపోకుండా చుక్క నూనె వేస్తారు. శూన్యంలో మామూలు నూనెలు మెల్లగా ఆవిరైపోతాయి. చలికి చిక్కబడతాయి. నూనె చిక్కబడితే చక్రం బద్ధకిస్తుంది, వాచీ వెనకబడుతుంది.

మూడోది అద్దం. ఇంట్లో వాచీ అద్దం పగిలితే ముక్కలు ఏరి పారేస్తాం. బరువే తెలియని చోట ఆ ముక్కలు గాల్లో తేలుతుంటాయి. కంట్లో పడొచ్చు, ఊపిరితో లోపలికి పోవచ్చు, మీటల సందుల్లో ఇరుక్కోవచ్చు. అందుకే అక్కడికి గాజు కన్నా ప్లాస్టిక్‌ అద్దమే నయం. గీతలు పడితే పడ్డాయి, పెంకులుగా మాత్రం చిట్లదు.

ఇవిగాక రాకెట్‌ లేచేటప్పుడు అదురు, హోరు, ఒంటి మీద కొండంత బరువు. నౌకలో నింపేదేమో స్వచ్ఛమైన ఆక్సిజన్‌. అందులో చిన్న నిప్పురవ్వ చాలు.

నాసా గేటు దగ్గర పది కంపెనీలు

1964లో అమెరికా వ్యోమగాముల పెద్ద డీక్‌ స్లేటన్‌ ఓ సంగతి లేవనెత్తాడు. జెమినీ, అపోలో యాత్రలకు వెళ్లేవాళ్లకి స్టాప్‌వాచ్‌ కూడా ఉన్న మంచి చేతి గడియారం కావాలి. నౌకలో గడియారాలు ఉంటాయి కదా అంటే... ఉంటాయి, నిజమే. అవి చెడిపోతే? ఆ ప్రశ్నకు జవాబు వెతికే పని అప్పుడే నాసాలో చేరిన జేమ్స్‌ రేగన్‌ అనే యువ ఇంజినీరు చేతికొచ్చింది.

నాసా పది కంపెనీలకు కబురు పెట్టింది. జవాబిచ్చినవి నాలుగే... ఒమేగా, రోలెక్స్‌, లాంజీన్స్‌, హామిల్టన్‌. ఇందులో హామిల్టన్‌ పంపింది చేతి గడియారం కాదు, జేబు గడియారం. స్పేస్‌సూట్‌ వేసుకున్న మనిషి జేబులోంచి గడియారం తీసి చూసుకోగలడా! అలా అది పక్కకు పోయింది. ఇక మిగిలింది మూడు.

రేగన్‌ వాటి కోసం పదకొండు పరీక్షలు రాసుకున్నాడు. సౌకర్యంగా ఉందా, అందంగా ఉందా అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. నాశనం చేయడమే పద్ధతి. ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం అన్నది లెక్క.

పదకొండు అగ్నిపరీక్షలు

ముందు వేడి. 71 డిగ్రీల సెల్సియస్‌లో రెండు రోజులు. ఆ తర్వాత అరగంట సేపు 93 డిగ్రీలు. నీళ్లు మరగడానికి ఇంకొక్క ఏడు డిగ్రీలే తక్కువ! తర్వాత చలి. సున్నాకి 18 డిగ్రీలు కింద నాలుగు గంటలు.

ఇంతటితో అయిందా? లేదు. భూమ్మీది గాలి పీడనంలో పది లక్షల వంతు మాత్రమే ఉండే శూన్యపు గదిలో పెట్టి, ముప్పావుగంటలో 71 డిగ్రీల నుంచి సున్నాకి 18 కిందికి దించారు. మళ్లీ ముప్పావుగంటలో పైకి లేపారు. ఇలా ఒకసారి కాదు... మళ్లీ పదిహేనుసార్లు! నౌక ఎండలోకీ నీడలోకీ మారుతుంటే జరిగేది అదే మరి.

తర్వాత తేమ. 95 శాతానికి తగ్గని ఉక్కలో 240 గంటలు, అంటే పది రోజులు. ఆ వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో రెండు రోజులు. ఇక్కడ వాచీ నడుస్తోందా అన్నదొక్కటే చూడలేదు. కాలుతోందా, విషవాయువు వస్తోందా, చెడు వాసన వేస్తోందా, రబ్బరు పాడవుతోందా అనీ చూశారు. మూసిన డబ్బాలాంటి నౌకలో రోజుల తరబడి ఉండేవాళ్లకు చెడు వాసనా ప్రమాదమే.

ఆపైన దెబ్బలు. తన బరువుకు 40 రెట్ల తాకిడితో ఆరు వైపుల నుంచి ఆరు దెబ్బలు. ఒక్కోటీ సెకనులో నూరో వంతు సేపు. రాకెట్‌ లేస్తున్నప్పటిలా గురుత్వాన్ని మెల్లగా ఏడుంపావు రెట్ల దాకా పెంచుతూ పోయారు. గంటన్నర పాటు వేడి శూన్యం, గంట సేపు మామూలు గాలికి ఒకటిన్నర రెట్లకు పైగా పీడనం. సెకనుకు అయిదు నుంచి రెండువేల సార్ల దాకా అదిరే బల్ల మీద మూడు అరగంటలు. చివరగా, 130 డెసిబుల్స్‌ హోరులో అరగంట. పక్కన నిలబడితే మనిషి చెవులు పనికిరాకుండా పోయే శబ్దం అది.

గెలిచిన వాచీకీ వంకలున్నాయి

ఒక్కొక్కటే రాలిపోయాయి. రోలెక్స్‌ తేమ పరీక్షలో రెండుసార్లు ఆగిపోయింది. ఆ తర్వాత వేడికి దాని పెద్ద సెకన్ల ముల్లు వంగి మిగతా ముళ్లకు అడ్డం పడింది. లాంజీన్స్‌ అద్దం వేడికి మెలిపడి ఊడొచ్చింది. ఇంకో లాంజీన్స్‌ తెచ్చి పెడితే, శూన్యపు పరీక్షలో దాని అద్దమూ అలాగే ఊడింది.

మిగిలింది ఒమేగా స్పీడ్‌మాస్టర్‌.

మరి అదేమైనా పదకొండు పరీక్షల్లోనూ నూటికి నూరు తెచ్చుకుందా అంటే, అదీ లేదు. శూన్యపు పరీక్షలో అది 21 నిమిషాలు ముందుకు పరిగెత్తింది. గురుత్వం పెంచిన పరీక్షలో 15 నిమిషాలు వెనకబడింది. చీకట్లో మెరిసే పూత వెలిసిపోయింది. మన ఇంట్లో ఇలాంటి వాచీ ఉంటే రిపేరు షాపుకి పంపిస్తాం!

కానీ రేగన్‌కి కావలసింది వేరు. రోజుకి అర సెకను తేడా కూడా రాని గడియారం కాదు ఆయన వెతికింది. ఆగిపోని గడియారం. వెనకబడిన వాచీని సరిచేసుకోవచ్చు. ఆగిపోయిన వాచీతో, ముల్లు విరిగిన వాచీతో, అద్దం ఊడిన వాచీతో ఏంచేస్తారు? ఆ పరీక్షల తర్వాత కూడా స్పీడ్‌మాస్టర్‌ టిక్కు టిక్కుమంటూనే ఉంది. మీటలు నొక్కితే స్టాప్‌వాచ్‌ పనిచేస్తూనే ఉంది. అది చాలు. వాడి చూసిన వ్యోమగాములూ దానికే ఓటేశారు. 1965 మార్చి 1న, మనుషులు వెళ్లే అంతరిక్ష యాత్రలన్నిటికీ అది పనికొస్తుందని నాసా తేల్చింది.

ఇందులో అసలు విశేషం మరొకటుంది. ఆ వాచీని అంతరిక్షం కోసం తయారే చేయలేదు! 1957లో కారు పందేల కోసం చేసిన గడియారం అది. కారు ఎంత వేగంతో వెళ్తోందో చూసుకోవడానికి దాని అంచు మీద అంకెలుంటాయి. తన వాచీకి అగ్నిపరీక్షలు పెడుతున్న సంగతి కంపెనీకే తెలియదంటారు. 1965 జూన్‌ 3న ఎడ్‌ వైట్‌ నౌకలోంచి బయటికొచ్చి శూన్యంలో ఈదిన తొలి అమెరికన్‌ అయ్యాడు. ఆ ఫొటోలో స్పేస్‌సూట్‌ చేతి మీద తమ గడియారాన్ని చూసి స్విట్జర్లాండ్‌లో వాళ్లు తెల్లబోయారట. ఆ తర్వాతే డయలు మీద ‘ప్రొఫెషనల్‌’ అన్న మాట చేరింది.

నాసా ఆ వాచీలో మార్చిందంటూ ఉంటే అది బెల్టు. ఉబ్బిన స్పేస్‌సూట్‌ మీంచి చుట్టుకోవాలి కాబట్టి మామూలు బెల్టు సరిపోదు. అంటించి పీకేసే వెల్‌క్రోతో పొడవాటి పట్టీ పెట్టారు. గ్లౌజు వేసుకున్న చేతితో బకిల్‌ పెట్టుకోవడం ఎవరి తరం!

ఆమ్‌స్ట్రాంగ్‌ వదిలి వెళ్లిన వాచీ

1969 జులైలో చంద్రుడి మీద మొదటి అడుగు వేసినప్పుడు నీల్‌ ఆమ్‌స్ట్రాంగ్‌ చేతికి వాచీ లేదు! నౌకలో ఉన్న ఎలక్ట్రానిక్‌ టైమర్‌ పనిచేయలేదు. దాంతో ఆయన తన వాచీని నౌకలోనే ఉంచి కిందికి దిగాడు. కాబట్టి చంద్రుడి నేల మీద తిరిగిన మొదటి చేతి గడియారం ఆయన వెనక దిగిన బజ్‌ ఆల్డ్రిన్‌ది. తీరా ఆ వాచీ తర్వాత మ్యూజియానికి పంపుతుంటే దారిలో పోయింది. చంద్రుడి దాకా క్షేమంగా వెళ్లొచ్చి భూమ్మీద పోగొట్టుకున్న వస్తువది!

కోట్ల డాలర్ల యంత్రంలో టైమర్‌ చెడిపోతే ఆ ఖాళీని పూరించింది ఓ స్ప్రింగు వాచీ. రేగన్‌ అయిదేళ్ల కింద వేసుకున్న ప్రశ్న ఇదే కదా... నౌకలో గడియారం చెడిపోతే?

ఆ తర్వాతి ఏడాదే అపోలో-13 వచ్చింది. కిటికీలోంచి భూమిని గురిగా పెట్టుకుని జేమ్స్‌ లవెల్‌, పక్కన నౌకను నిలబెడుతూ ఫ్రెడ్‌ హేజ్‌. వాచీ చూస్తూ స్విగర్ట్‌. లవెల్‌ మీట నొక్కాడు. ఒకటి... రెండు... మూడు... పద్నాలుగు. ఆపేశారు. దారి కుదిరింది. ఏప్రిల్‌ 17న ముగ్గురూ పసిఫిక్‌ మహాసముద్రంలో ప్రాణాలతో దిగారు. ఆ ఏడాదే నాసా వ్యోమగాములు ఒమేగాకి ‘సిల్వర్‌ స్నూపీ’ అవార్డు ఇచ్చారు. యాత్రల భద్రతకు తోడ్పడినవారికి వ్యోమగాములు స్వయంగా ఇచ్చే గౌరవం అది.

పరీక్షకు అందనివీ ఉంటాయి

ఇంత కథ విన్నాక ఆ వాచీకి ఇక తిరుగులేదనిపిస్తుంది. 1971లో చంద్రుడే ఆ మాట కాదన్నాడు. అపోలో-15 కమాండర్‌ డేవిడ్‌ స్కాట్‌ రెండోసారి చంద్రుడి మీద నడిచి లోపలికొచ్చి చూసుకుంటే వాచీ అద్దం లేదు. ఎప్పుడో ఊడిపోయింది! అదృష్టం కొద్దీ ఆయన దగ్గర సొంతానికి తెచ్చుకున్న బులోవా వాచీ ఉంది. మూడో నడకకి దాన్ని కట్టుకుని వెళ్లాడు. ఆ బులోవా 2015లో వేలంలో 16 లక్షల డాలర్లకు పైగా పలికింది.

ఇలాగే 1973 నవంబరులో స్కైలాబ్‌కి వెళ్లిన విలియం పోగ్‌ శిక్షణలో అలవాటైన సొంత సీకో వాచీని జేబులో వేసుకుపోయాడు. అది కీ ఇచ్చే వాచీ కాదు. చేయి కదిలితే లోపల ఓ బరువు ఊగి స్ప్రింగు చుట్టుకునే ఆటోమేటిక్‌. బరువే లేని చోట ఆ బరువు ఊగుతుందా అని అప్పటిదాకా చాలామందికి అనుమానం. 84 రోజుల ఆ యాత్రలో అది శుభ్రంగా నడిచింది. బరువు లేకపోయినా జడత్వం ఉంటుంది. చేయి కదిలినప్పుడు డొక్కు కదులుతుంది, లోపలి చక్రం కాస్త వెనకబడుతుంది. స్ప్రింగుకి ఆ తేడా చాలు. కాగితం మీద తేలని అనుమానాన్ని ఒకరి జేబు తీర్చింది.

ఒమేగా మాత్రం ఊరుకోలేదు. 1969లోనే ‘అలాస్కా’ అనే రహస్యపు పేరుతో అచ్చంగా అంతరిక్షం కోసమే ఓ వాచీ మొదలుపెట్టింది. టైటానియం డొక్కు, తెల్లటి డయలు, పైన వేడి తగలకుండా ఎర్రటి అల్యూమినియం తొడుగు. వాచీకే స్పేస్‌సూట్‌ తొడిగినట్టన్నమాట! అది సిద్ధమయ్యేసరికి 1972లో అపోలో యాత్రలే ఆగిపోయాయి. చంద్రుడి కోసం పుట్టిన వాచీకి చంద్రుడు దక్కలేదు. కారు పందేల కోసం పుట్టినదానికి దక్కాడు.

ఆ తర్వాత బ్యాటరీ వాచీలు వచ్చాయి. 1998లో వచ్చిన ఎక్స్‌-33లో ముళ్లూ అంకెలూ రెండూ ఉంటాయి. ఫ్యాన్ల హోరులోనూ వినిపించేంత గట్టి అలారం ఉంటుంది. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్‌ లివే తమ దేశపు ఫియ్‌టా వాచీతో వెళ్లాడు. కంప్యూటర్లు, తెరలు, సెకన్లను ముక్కలు చేసి చూపే గడియారాలు... నౌకలో ఇప్పుడు వేటికీ కొదవ లేదు.

అయినా రేగన్‌ ప్రశ్న మాత్రం పాతబడలేదు. ఎంత బాగా పనిచేస్తుంది అని అడగడం తేలిక. అన్నీ చెడిపోయిన రోజున ఏది మిగులుతుంది అని ముందే అడగడం కష్టం. అలా అడిగి, జవాబు దొరికేదాకా మూడు గడియారాలను ఉడికించి, గడ్డకట్టించి, కుదిపి, కొట్టి చూశాడో కుర్ర ఇంజినీరు. 21 నిమిషాలు తప్పుగా చూపిన వాచీనే చివరికి ఎంచుకున్నాడు. అయిదేళ్ల తర్వాత చీకట్లో, చలిలో ముగ్గురు మనుషులకు కావలసింది 14 సెకన్లు. ఆ వాచీ లెక్క తప్పలేదు.